రెండు సమోసాలు, ముప్పై ఒకటిన్నర మార్కులు

సంతాపసభలో సమోసా ఎప్పుడు తినవలెనన్న విషయమై మానవజాతి ఇంతవరకు ఒక నిర్ణయానికి రాలేదు. నాగరికతలు పుట్టాయి, గిట్టాయి. చక్రాన్నీ సున్నానూ చాయ్‌నీ కనిపెట్టారు. కాని మృతునికి రెండు నిమిషాలు మౌనం పాటించాక, పళ్లెంలోని సమోసాను అధ్యక్షోపన్యాసానికి ముందు తినాలా, తరువాత తినాలా, ఒకటితో ఆపాలా, రెండు తినవచ్చునా అన్న మౌలిక ప్రశ్నను ఏ ధర్మశాస్త్రమూ పట్టించుకోలేదు. ఈ ఘోరమైన నిర్లక్ష్యానికి ఫలితాన్ని 1996 మార్చి నెలలో, తార్నాకను ఆనుకొని ఉన్న ఒక విశ్వవిద్యాలయపు మనస్తత్వశాస్త్ర శాఖలో, సామ్యేలు అనే పరిశోధక విద్యార్థి అనుభవించవలసి వచ్చింది.

చనిపోయినవారు ప్రొఫెసర్ పేరయ్య. శాఖలో తెల్ల ఎలుకల గదిని స్థాపించి, ముప్పై ఏళ్లపాటు వాటి తల్లిప్రేమను కొలిచిన మనిషి. పదవీ విరమణ తరువాత కూడా ఆ గది బాధ్యత, ఇంకెవరూ కోరుకోనందువల్ల, ఆయనకే మిగిలింది. రోజూ వచ్చి బోన్ల ముందు కూర్చునేవారు. ఒక శనివారం ఉదయం ఇంట్లో పేపరు చదువుతూ కన్నుమూశారు. మంగళవారం సంతాపసభ.

ఆ శాఖకు ఒక ఆచారం ఉంది. సంతాపసభలో సీనియారిటీ ప్రకారం మాట్లాడతారు. సీనియారిటీ ప్రకారమే ఏడుస్తారు. లెక్చరరుకు గొంతు బొంగురుపోతే చాలు. రీడరుకు కళ్లు చెమర్చాలి. ప్రొఫెసరయితే జేబురుమాలు తీయక తప్పదు. శాఖాధ్యక్షుడు ప్రొఫెసర్ విజయ్ కుమార్ ఆ రోజు రుమాలు తీయడంతో సరిపెట్టుకోలేదు. ఉపన్యాసం మధ్యలో ఆగి, కిటికీలోంచి ఆకాశం వైపు చూసి, "సర్, మీ కుర్చీ ఇక్కడే ఉంది సర్" అన్నాడు. వెనక వరుసల్లో విద్యార్థినులు వెక్కివెక్కి ఏడ్చారు.

రీడర్ కాత్యాయని కళ్లు మాత్రం చెమర్చలేదు. పేరయ్య పదవీ విరమణ చేసిన మర్నాడే ఆ కుర్చీని ఇదే విజయ్ కుమార్ వరండాలోకి గెంటించాడని, ఆయన పుస్తకాలు రెండు రోజులు అక్కడే వానజల్లుకు తడిశాయని ఆమెకు గుర్తుంది. ఆ పుస్తకాల్లో కొన్నింటిని ఆమే ఇంటికి తీసుకువెళ్లి ఫ్యాను కింద ఆరబెట్టింది. పళ్లు బిగించి కూర్చుంది. ఆమెకు కోపం కొత్త కాదు. పద్దెనిమిదేళ్ల సర్వీసులో ఆమెకు ఇంక్రిమెంట్ల కంటే క్రమం తప్పకుండా వచ్చింది అదొక్కటే.

ఆఖరున సామ్యేలును పిలిచారు. బాపట్ల పక్క ఒక సంఘకాపరి కొడుకు, పేరయ్య దగ్గర చేరిన చివరి శిష్యుడు. ఎవరి కళ్లలోకీ చూడడు. ఎవరితో మాట్లాడినా గోడ గడియారంతో మాట్లాడుతున్నట్టే ఉంటుంది.

"సార్ చనిపోయారు," అన్నాడు గడియారంతో. "ఆయన దగ్గర నాలుగేళ్లు పనిచేశాను. ఎలుకలకు శనివారం నుంచి దాణా లేదు. దాణా తెప్పించే ఇండెంటు మీద సార్ సంతకం ఉండాలి. ఇకమీదట ఎవరు పెడతారో చెబితే బాగుంటుంది."

అని కూర్చున్నాడు. పళ్లెంలోని సమోసా తీసుకుని తిన్నాడు. ఆ తరువాత, పక్కవాడు దుఃఖాతిశయంతో ముట్టకుండా వదిలేసిన సమోసా కూడా తిన్నాడు.

నాలుగింటికి పరిశోధకుల గదిలో, అయిదింటికి లేడీస్ హాస్టల్లో, ఆరింటికి అడిక్‌మెట్ అద్దెగదుల్లో ఒకటే మాట: సైకో. సాక్ష్యాలు ధారాళంగా వచ్చిపడ్డాయి. వాడు ఎలుకలతో మాట్లాడతాడు. వాడికి స్నేహితులు లేరు. వాడు రోజూ ఒకే నీలంచొక్కా వేసుకుంటాడు. సాయంత్రాలు ఒంటరిగా తార్నాక దాకా నడుస్తాడు. తార్నాక దాకా నడవడం నేరమని అంతకుముందు ఎవరికీ తెలియదు. ఆ రోజు నుంచి అమ్మాయిలు ఆ దారి మానేసి చుట్టు తిరిగి పోసాగారు.

బుధవారం పొద్దున లెక్చరర్ సుధామయి వరండాలో కాత్యాయనిని పట్టుకుంది.

"చూశారా కాత్యాయని గారూ? గురువు పోయిన బాధలో సమోసా దిగుతుందా ఎవరికైనా? నాకు ఒళ్లు జలదరించిందనుకోండి. పక్కా సైకో!"

"సైకో అంటే ఏమిటి సుధామయీ?"

"అదేనండీ. మనిషి చూడ్డానికే తేడాగా ఉంటాడు. ఎవరితోనూ కలవడు. లోపల ఏవో గొంతులు వినిపిస్తుంటాయి. ఒకరోజు ఉన్నట్టుండి కత్తి తీస్తాడు."

"ఎమ్మే వాళ్లకు అబ్నార్మల్ సైకాలజీ చెబుతున్నది నువ్వే కదూ?"

"నేనే. అది సిలబస్సండీ. ఇది జీవితం."

సినిమాలు చూసి మిర్చీబజ్జీల బండివాడు ఈ మాట అని ఉంటే కాత్యాయని క్షమించేది. అంబర్‌పేట బస్సులో ఎవరైనా అని ఉంటే కిటికీలోంచి బయటకు చూసేది. కాని మతి చలించడం వేరు, మనసు మొద్దుబారడం వేరు అని ప్రతి ఏటా పరీక్షలో పది మార్కులకు అడిగి, రెండూ ఒకటేనని రాసినవాళ్లను తప్పించే శాఖ ఇది! ఆ శాఖ వరండాలో, పట్టపగలు, జీతం తీసుకుంటున్న మనిషి నోటి వెంట!

గురువారం మధ్యాహ్నం శాఖా సంఘం సమావేశమైంది. ఎజెండాలో ఒకే అంశం: 'పరిశోధక విద్యార్థి శ్రీ సామ్యేలు శాఖలో కొనసాగుటకు గల అర్హతానర్హతల పరిశీలన.' అనర్హుడని తేలితే అతని నమోదు రద్దవుతుంది. నాలుగేళ్ల పని, ఆరు తరాల ఎలుకల వంశచరిత్ర, చివరి అధ్యాయం ఒక్కటే మిగిలిన సిద్ధాంతగ్రంథం, అన్నీ ఒక ట్రంకు పెట్టెలో సర్దుకొని అతడు బాపట్ల రైలెక్కవలసిందే.

విజయ్ కుమార్ అందరినీ పేరుపేరునా పలకరించాడు. సుధామయి కొడుకు జ్వరం తగ్గిందా అని, ప్రొఫెసర్ వెంకటేశ్వర్లు మోకాలి నొప్పి ఎలా ఉందని అడిగాడు. కాత్యాయని చీర రంగు బాగుందన్నాడు. తరువాత సైక్లోస్టైలు కాగితాలు పంచాడు.

"మన శాఖ వదంతుల మీద నడవకూడదు. శాస్త్రం మీద నడవాలి. ఇది విదేశాల్లో జైళ్లలో వాడుతున్న పట్టిక. ఇరవై అంశాలు. ఒక్కోదానికి సున్నా, ఒకటి, లేదా రెండు మార్కులు. నలభైకి ముప్పై దాటితే సైకోపాత్. అనేది నేను కాదు, శాస్త్రం. అంశంవారీగా చర్చించి వేద్దాం."

ఒక మనిషి అంతరాత్మను అయిదుగురు కూర్చుని మెజారిటీతో నిర్ణయించే ఆ మహత్తర ప్రయోగం అలా మొదలైంది.

"ఒకటో అంశం. మాటకారితనం, పైపై ఆకర్షణ."

సామ్యేలుకు మాటకారితనం అంటగట్టడానికి అతని శత్రువులకు కూడా నోరు రాలేదు.

"దాచుకొని ఉంటాడు సార్," అంది సుధామయి. "కనపడకుండా దాచుకోవడమే అసలు చాతుర్యం."

"బాగా చెప్పావమ్మా. రెండు. తరువాత, త్వరగా విసుగెత్తడం, ఎప్పుడూ ఏదో ఒక ఉద్రేకం కావాలనడం."

వెంకటేశ్వర్లు కళ్లు తెరిచాడు. "తల్లి ఎలుక పిల్లల్ని రోజుకు ఎన్నిసార్లు నాకుతుందో నాలుగేళ్లుగా లెక్కపెడుతున్నాడు కదయ్యా. విసుగే ఉంటే ఎప్పుడో పారిపోయేవాడు."

"అంతకాలం విసుగు పుట్టకపోవడం సహజమేనంటారా సార్?"

"అదీ నిజమే. రెండు వెయ్యి."

"ఇతరుల మీద ఆధారపడి బతకడం."

"ఫెలోషిప్పు మీద బతుకుతున్నాడు," అన్నాడు నిరుడు చేరిన కుర్ర లెక్చరరు. తను కూడా ఏదో ఒకటి అనాలని అతడు చాలాసేపటి నుంచి చూస్తున్నాడు.

"రీసెర్చి స్కాలర్లందరూ అంతేగా?" అన్నాడు వెంకటేశ్వర్లు.

"అయితే అందరూ అంతే. రెండు."

"అనేక స్వల్పకాలిక వివాహ సంబంధాలు."

"పెళ్లే కాలేదు సార్."

"అవకాశం దొరకలేదు," అన్నాడు విజయ్ కుమార్ సానుభూతితో. "ఒకటే వేద్దాం. అన్యాయం చేయకూడదు."

"ఆపండి!" అంది కాత్యాయని. ఆ అరుపుకు నీళ్లగ్లాసు మీది మూత కింద పడి, గదంతా దొర్లి, వెంకటేశ్వర్లు కుర్చీ కింద ఆగింది.

"ఈ పట్టికను ఎవరు ఎలా వాడాలో ఈ గదిలో ఎవరికైనా తెలుసా? ఇందుకు శిక్షణ పొందినవాళ్లు మనిషిని ఎదుట కూర్చోబెట్టుకుని, గంటలకొద్దీ మాట్లాడి, చిన్నప్పటి నుంచి అతని కాగితాలన్నీ తిరగేసి, అప్పుడు వేసే మార్కులివి. మీరు ఆ అబ్బాయిని ఒక్క ప్రశ్న అడిగారా? సైకోపాత్ అంటే పిచ్చివాడు కాదు సుధామయీ! వాడికి గొంతులూ వినపడవు, దయ్యాలూ కనపడవు. ఏది తప్పో వాడికి శుభ్రంగా తెలుసు. తెలుసు గాని తగలదు. అవతలివాడి నొప్పి వాడికి పక్కింటి రేడియో. చేసినదానికి బాధపడడు, కాని బాధపడుతున్నట్టు కనపడవలసి వస్తే మనందరికంటే బాగా కనపడగలడు. వాడు ఒంటరిగా మూల కూర్చోనక్కరలేదు, పదిమందికీ ఇష్టుడై తిరగవచ్చు. జన్మలో కత్తి ముట్టకుండా, పదవీ విరమణ దాకా పూలదండలు వేయించుకుంటూ బతకవచ్చు. కత్తి పట్టినవాళ్లందరూ సైకోపాత్‌లూ కారు. ఇక సిగ్గుపడటం, కళ్లలోకి చూడకపోవడం, సభలో ఏడవకపోవడం... ఈ ఇరవైలో ఇవెక్కడున్నాయో చూపించండి!"

సుధామయి కాగితాన్ని తిప్పి వెనకవైపు చూసింది. విజయ్ కుమార్ కళ్లలో సన్నటి తడి మెరిసింది.

"అద్భుతంగా చెప్పారు మేడమ్. ఇంత స్పష్టంగా నేనెప్పుడూ వినలేదు. ఇదంతా మినిట్స్‌లో ఎక్కిద్దాం, మీ అసమ్మతితో సహా." కుర్ర లెక్చరరు వైపు తిరిగాడు. "మేడమ్ మార్కులు వేయడం లేదు కాబట్టి, నలుగురి సగటు తీయవయ్యా."

సగటు ముప్పై ఒకటిన్నర. ఆ శాఖలో పీహెచ్‌డీ ప్రవేశపరీక్ష రాసినప్పుడు కూడా సామ్యేలుకు ఇంత ఉదారంగా మార్కులు పడలేదు. సోమవారం పదకొండు గంటలకు అభ్యర్థిని పిలిచి విషయం చెప్పాలని, ఆపైన రద్దుకు సిఫారసు చేయాలని తీర్మానించారు.

బయట వరండాలో, శాఖలో ఇరవై ఏళ్లుగా అటెండరు పని చేస్తున్న చిట్టెమ్మ గ్లాసులు కడుగుతోంది.

"ఏంది మేడమ్, మొఖం గట్ల ఎర్రగ చేసుకున్నరు? గా ఎలుకల పిలగాన్ని ఎల్లగొడ్తున్రంట గదా?"

"నీకెవరు చెప్పారు?"

"చెప్పేదేమున్నది! గా ఎలుకల రూమ్ల ఏసీ పెట్టి కంప్యూటర్లు దింపుతరంట. పోయిన నెలనే పెద్దసారు టేపు పట్టిచ్చి కొలిపిచ్చిండు. పేరయ్య సారు ఉండంగ అడగనీకె మొఖం చెల్లలే. ఇప్పుడు గీ పిలగాడొక్కడే అడ్డం."

కాత్యాయని గోడకు చేయి ఆనించి నిలబడింది. ఒక గదికోసం! ఒక మనిషి మీద సమాజం వేయగల అతి నీచమైన ముద్రను నాలుగు గోడలకోసం, ఒక ఏసీకోసం!

"నీకు భయం లేదా చిట్టెమ్మా, అతన్ని చూస్తే? సైకో అంటున్నారుగా."

"భయమెందుకు? నా కాలిరిగినప్పుడు నెల దినాలు నా వంతు బోన్లు గాయననే కడిగిండు. ఎవ్వలకూ చెప్పలే. మంచిగున్నవా అని నన్ను కూడ అడగలే. గదొక్కటే జర బాధైంది," అని చిట్టెమ్మ నవ్వింది.

ఆ సాయంత్రం తార్నాక చౌరస్తాలో, ఒక కిరాణా దుకాణం ముందు, సామ్యేలు శనగలు తూకం వేయించుకుంటూ కనిపించాడు. కాత్యాయని అతన్ని పక్కనున్న ఇరానీ హోటల్లోకి లాక్కెళ్లినంత పని చేసి, రెండు చాయ్‌లు చెప్పింది.

"శనగలెవరికి?"

"ఎలుకలకు మేడమ్. ఇండెంటు ఇంకా కాలేదు."

"నిన్ను తీసేస్తున్నారు. తెలుసా?"

"చిట్టెమ్మ గారు చెప్పారు." అతడు గోడ మీది ధరల పట్టిక వైపు చూస్తున్నాడు. "ఏడో నంబరు బోనులో తల్లి నిన్ననే ఈనింది. పదకొండు పిల్లలు. కళ్లు తెరవడానికి రెండు వారాలు పడుతుంది. అప్పటిదాకా ఆగమని అడగవచ్చా?"

"నీ బతుకు పోతుంటే ఎలుకల కళ్ల సంగతేమిటయ్యా!" ఆమె కోపం ఈసారి అతని మీదకే మళ్లింది. "అసలు సభలో ఎందుకు ఏడవలేదు నువ్వు?"

"ఏడ్చాను మేడమ్. శనివారం. ఆదివారం ప్రార్థన దగ్గర కూడా." కొంచెం ఆలోచించాడు. "సభ మంగళవారం పెట్టారు."

"ఒక్కసారి కళ్లు తుడుచుకుని ఉంటే సరిపోయేది కదా!"

"తడి లేకుండానా?"

ఆమె చాయ్‌లో బిస్కట్టు విరిగి మునిగిపోయింది. ఆమె గమనించలేదు.

"మరి ఆ సమోసాలు?"

"రెండు రోజులుగా సరిగ్గా తినలేదు మేడమ్. సార్ వాళ్లింట్లోనే ఉన్నాను. అక్కడ నీళ్లు మోయడానికి మనిషి లేడు." ఆమె ముఖంలో ఏదో కదలడం చూసి కాబోలు, మళ్లీ ధరల పట్టిక వైపు తిరిగాడు. "రెండోది తినకూడదని నాకు తెలియదు. నియమం ఏదైనా ఉంటే ముందే చెప్పి ఉండవలసింది."

ఇల్లు చేరేసరికి కాత్యాయని ఆగ్రహం పురాణాల్లో మునులు శాపజలం చేతిలోకి తీసుకునే స్థాయిని అందుకుంది. కమండలం లేదు గనుక ఆమె కలం తీసింది. సంచిలో ఖాళీ పట్టిక ఒకటి ఉంది. పైన పేరు రాసింది: విజయ్ కుమార్.

మాటకారితనం: రెండు. ఆమె చేతికి అంత సంతోషం ఈ మధ్య కలగలేదు. అబద్ధాలు: రెండు, ఆమె పరిశోధనా పత్రం మీద తన పేరు ముందు వేసుకుని, అచ్చయ్యాక అదంతా టైపిస్టు పొరపాటని నవ్వేశాడు. పశ్చాత్తాపం లేకపోవడం: రెండు, వానలో పుస్తకాలు. పైపై భావోద్వేగాలు: రెండు, వీలుంటే నాలుగు, 'సర్, మీ కుర్చీ ఇక్కడే ఉంది సర్'! కలం పరుగెత్తింది. మొత్తం ముప్పై నాలుగు. సామ్యేలును రెండున్నర మార్కుల తేడాతో ఓడించి విజయ్ కుమార్ ప్రథమ శ్రేణిలో నెగ్గాడు. సోమవారం పదకొండు గంటలకు దీన్ని అందరి ముందూ చదువుతుంది. శాస్త్రమే కదా, వినమనండి!

గెలిచిన ఆనందంతో పట్టికను మళ్లీ ఒకసారి చదువుకుంది. పన్నెండో అంశం దగ్గర ఆగిపోయింది. 'బాల్యంలోనే మొదలైన ప్రవర్తనా సమస్యలు.' ఎదుట ఆమె దస్తూరీలో రెండు.

విజయ్ కుమార్ బాల్యం గురించి ఆమెకు ఏం తెలుసు? ఏ ఊళ్లో పుట్టాడో కూడా తెలియదు. పదకొండేళ్లుగా అదే వరండాలో నడుస్తూ, తనకు కోపం తెప్పించినవి తప్ప ఆ మనిషి గురించి ఆమె ఏమీ పోగుచేయలేదు. సుధామయి సమోసాలు లెక్కపెట్టింది. తను తడిసిన పుస్తకాలు లెక్కపెట్టింది. ఒకవేళ అతడు నిజంగా అదే అయినా, ఆ మాట అనే అధికారం ఈ కాగితానికి లేదు. తిట్టడానికి ఆ ఒక్క మాటే దొరకాలా? దుర్మార్గుడు అన్న మాట తెలుగులో నిక్షేపంలా ఉంది, ఏ శిక్షణా అవసరం లేదు.

కాగితాన్ని చించబోయింది, చించలేదు. ఇరవై అంశాల మార్కులూ కొట్టేసి, ఒక్కొక్కదాని ఎదుట ఒకే మాట రాసింది: తెలియదు. ఇరవైసార్లు రాసింది. కోపం తగ్గలేదు. కాని అది మొదటిసారిగా నిటారుగా నిలబడింది. సోమవారం ఆమె కోరేది ఇదే. సామ్యేలు పట్టిక మీద అయిదుగురూ ఇలాగే రాసి సంతకాలు పెట్టాలి. పెట్టకపోతే ఆమె రాజీనామా చేస్తుంది, వైస్ ఛాన్స్‌లరు దగ్గరకు వెళుతుంది, పత్రికలకెక్కుతుంది. శుక్ర, శని, ఆదివారాలు ఈ ఉపన్యాసాన్ని తార్నాకలోని తన ఇంటి డాబా మీద బట్టలారవేసే తీగలకు వినిపించి సానబెట్టింది.

సోమవారం పదింబావుకే విజయ్ కుమార్ గది తలుపు తోసింది. అతడు లేచి నిలబడ్డాడు. కుర్చీ చూపించాడు. ఆమె కూర్చోలేదు.

"సామ్యేలు విషయం," అంది. "ఇవాళ మీరు ఆ సిఫారసు పంపితే..."

"ఏ సామ్యేలు?"

అతని కళ్లలో నటన లేదు. ఆమె నటన కోసం వెతికింది, దొరకలేదు.

"ముప్పై ఒకటిన్నర మార్కులు వేసిన సామ్యేలు!"

"ఓ, ఎలుకల అబ్బాయా!" అతని ముఖం వికసించింది. "ఉండనివ్వండి మేడమ్, దానికేముంది? మీరింతగా చెబుతుంటే కాదంటానా?" ఫైలు తీసి, 'కొనసాగించవచ్చును' అని రాసి, సంతకం చేసి, తారీఖు వేశాడు. దాణా ఇండెంటు కూడా అదే ఫైల్లో ఉంటే దాని మీదా పెట్టాడు. మొత్తం అర నిమిషం పట్టింది.

మూడు రోజులు సానబెట్టిన ఉపన్యాసం ఆమె గొంతులో అడ్డంగా నిలిచింది. ఓడిపోయినవాడి ముఖం ఎదురుగా ఉంటే దాన్ని ఎలాగో దించుకునేది. అలాంటి ముఖం అక్కడ లేదు.

"మరి ఆ గది? కంప్యూటర్లు?"

"ఆ గది పైకప్పు కారుతోందని ఇంజనీర్లు వద్దన్నారు. కంప్యూటర్లు లైబ్రరీ మేడ మీదికి వెళ్తున్నాయి. ఇదిగో ఉత్తరం."

ఆమె ఉత్తరం అందుకుంది. మూలన శాఖాకార్యాలయం వేసిన రాక ముద్ర ఉంది. బుధవారం తేదీ.

"ఇది సమావేశానికి ముందురోజే వచ్చింది," అంది మెల్లగా.

"అవును, బుధవారమే చూశాను."

"అయితే గురువారం ఆ సమావేశం ఎందుకు పెట్టారు?"

విజయ్ కుమార్ ఆమె వైపు నిజమైన ఆశ్చర్యంతో చూశాడు.

"మార్చి ముప్పై ఒకటిలోగా శాఖా సంఘం నాలుగుసార్లు సమావేశం కావాలి కదా మేడమ్. మనకు మూడే అయ్యాయి."